హాస్టల్‌లో మెనింజైటిస్ కేసు వస్తే ఏం చేయాలి? మొదటి గంట నుంచి ఇరవయ్యో రోజు దాకా

చలికాలం ముగిసి ఎండలు మొదలయ్యే రోజుల్లో నాకు ఇలాంటి ఫోన్లు వస్తుంటాయి. "మా హాస్టల్ అబ్బాయికి జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకుపోయింది. పెద్దాసుపత్రిలో మెనింజైటిస్ అంటున్నారు. మిగతా పిల్లల సంగతేంటి? హాస్టల్ మూసేయాలా? అందరికీ టీకా వేయించాలా?" అడిగేది ఒక్కోసారి వార్డెన్, ఒక్కోసారి పీహెచ్‌సీలో కొత్తగా చేరిన డాక్టర్, ఒక్కోసారి భయపడిపోయిన తండ్రి. ప్రశ్నలు మాత్రం అవే. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఆ రోజు మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఒక లిస్టు. జబ్బుపడిన పిల్లవాడికి ఎవరెవరు దగ్గరగా ఉన్నారో రాసిన లిస్టు. అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ అదే రోజు, ఒకేసారి మందు పడాలి. ఈ ఒక్క పని సరిగ్గా జరిగితే రెండో కేసు వచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఫాగింగ్, సెలవులు, మాస్కులు, టీకాలు ఇవన్నీ దాని తర్వాతే. వాటిలో కొన్ని అసలు అక్కర్లేదు.

తెలుసుకోవాల్సింది ఇంతే

మెనింజైటిస్ అంటే మెదడు చుట్టూ ఉండే పొరల వాపు. వైరస్ వల్ల రావచ్చు, టీబీ వల్ల రావచ్చు, రకరకాల బ్యాక్టీరియా వల్ల రావచ్చు. పక్కన ఉన్నవాళ్లకు వెంటనే మందు ఇవ్వాల్సిన పరిస్థితి ముఖ్యంగా మెనింగోకోకస్ అనే బ్యాక్టీరియాతోనే వస్తుంది. ఈ గైడ్ దాని గురించే. న్యూమోకోకస్ అని తేలితే తోటివాళ్లకు మందు అక్కర్లేదు. దోమల ద్వారా వచ్చే జపనీస్ మెదడువాపుకు ఈ పద్ధతి పనికిరాదు.

ఈ క్రిమి ముక్కు, గొంతు స్రావాల ద్వారా, అదీ చాలా దగ్గరగా మెలిగేవాళ్లకే అంటుతుంది. జబ్బు బయటపడటానికి 2 నుంచి 10 రోజులు పడుతుంది, ఎక్కువగా 3, 4 రోజులు. మామూలు రోజుల్లో కూడా వందలో దాదాపు పది మంది గొంతులో ఈ క్రిమి ఏ హానీ చేయకుండా ఉంటుంది. అది రక్తంలోకి, మెదడు పొరల్లోకి చొరబడినప్పుడే ప్రమాదం. అప్పుడు సరైన వైద్యం అందినా వందలో పది మంది దాకా చనిపోతారు. బతికినవాళ్లలో 10 నుంచి 20 శాతం మందికి వినికిడి పోవడమో, వేళ్లో కాళ్లో తీసేయాల్సి రావడమో, మరో లోపమో మిగులుతుంది.

మన దేశంలో ఇది కొత్త కాదు. 1985లో ఢిల్లీలో ఆరు వేలకు పైగా కేసులు వచ్చాయి. 2005లో ఢిల్లీలో మళ్లీ వచ్చింది. 2008, 2009ల్లో మేఘాలయ, త్రిపురల్లో వ్యాపించింది. ఇవన్నీ ఈ క్రిమిలోని ఒక రకం (సీరోగ్రూప్) అయిన ఎ వల్ల వచ్చినవే. అయినా మన జిల్లాల్లో పనిచేస్తున్న చాలామంది యువ డాక్టర్లు దీన్ని పుస్తకంలో చదవడమే తప్ప కళ్లారా చూసి ఉండరు. తడబాటుకు సగం కారణం అదే.

దగ్గర ఉండాల్సినవి

హాస్టల్ వైపు నుంచి:
- ఆ రోజు అటెండెన్స్ రిజిస్టర్, గదుల వారీగా ఎవరు ఏ మంచం మీద పడుకుంటారో రాసిన కాగితం
- గత పది రోజుల ఔటింగ్ రిజిస్టర్
- తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు
- రెండు మూడు థర్మామీటర్లు, బరువు చూసే మిషన్, ఒక టార్చి, పారదర్శకమైన గాజు గ్లాసు

పీహెచ్‌సీ వైపు నుంచి:
- సెఫ్ట్రియాక్సోన్ వయల్స్, సిరంజిలు
- సిప్రోఫ్లాక్సాసిన్ 500 ఎంజీ, 250 ఎంజీ మాత్రలు
- కొంత రిఫాంపిసిన్
- ఎలర్జీ రియాక్షన్ వస్తే వాడటానికి అడ్రినలిన్‌తో ఎమర్జెన్సీ ట్రే
- డీఎంహెచ్‌ఓ ఆఫీసులో ఉండే జిల్లా సర్వైలెన్స్ యూనిట్ (అంటువ్యాధుల నిఘా విభాగం) నంబర్

మంచాల లిస్టు చాలా హాస్టళ్లలో ఉండదు. తరగతి గదులే రాత్రి పడకగదులయ్యే చోట అసలు ఉండదు. ఇది చదువుతున్న వార్డెన్‌లు ఈ రాత్రే ఒక తెల్ల కాగితం మీద గీసి ఉంచుకోండి.

1. అనుమానం వస్తే ఆలస్యం చేయకండి

ఉన్నట్టుండి వచ్చిన జ్వరానికి తోడు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి: మెడ వంచలేకపోవడం, ఆగని తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మగతగా ఉండటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఫిట్స్, ఒంటి మీద ఎర్రటి లేదా ఊదారంగు మచ్చలు.

మచ్చలుంటే గ్లాసు పరీక్ష చేయండి. గాజు గ్లాసు పక్క భాగాన్ని మచ్చ మీద గట్టిగా నొక్కి, గాజులోంచి చూడండి. నొక్కినా మచ్చ రంగు మారకపోతే అది రక్తం చర్మం కిందకు కారిన మచ్చ. ఇక ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. చామనఛాయ, నలుపు ఒళ్లు ఉన్న పిల్లల్లో ఈ మచ్చలు తొందరగా కనపడవు. అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపలి వైపు, నోట్లో అంగిలి టార్చి వేసి చూడండి.

ఇక్కడ రెండు పొరపాట్లు పదేపదే జరుగుతాయి. ఒకటి, మెడ బిగుసుకోలేదు కాబట్టి మెనింజైటిస్ కాదనుకోవడం. ఈ క్రిమి మెదడు పొరల దాకా పోకుండా రక్తంలోనే విజృంభించవచ్చు. అప్పుడు మెడ మామూలుగానే ఉంటుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి, కాళ్ల నొప్పులంటాడు, ఊపిరి వేగంగా తీస్తాడు, చర్మం పాలిపోతుంది. మెడ బిగుసుకున్న కేసు కంటే ఇదే ఎక్కువ ప్రమాదకరం. పొద్దున నడుచుకుంటూ తిరిగిన పిల్లవాడు సాయంత్రానికి షాక్‌లోకి, అంటే బీపీ పడిపోయే ప్రమాద స్థితిలోకి, వెళ్లిపోగలడు.

రెండోది, జ్వరం, మచ్చలు, ప్లేట్‌లెట్లు తక్కువ అనగానే డెంగీ అని తేల్చేయడం. మెనింగోకోకస్ రక్తంలో చేరినా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డెంగీలో రక్తస్రావ లక్షణాలు, షాక్ ఎక్కువగా జ్వరం మొదలైన మూడు నాలుగు రోజుల తర్వాత, జ్వరం తగ్గుతున్న సమయంలో కనపడతాయి. జ్వరం మొదలైన మొదటి 24 గంటల్లోనే ఇలాంటి మచ్చలు వచ్చి, పిల్లవాడు బాగా నీరసించిపోతే డెంగీ టెస్టు రిపోర్టు కోసం ఎదురుచూడకండి.

2. మొదటి డోసు పడ్డాకే అంబులెన్స్ కదలాలి

ఇది పీహెచ్‌సీ డాక్టర్లకు. పెద్దాసుపత్రికి చేరడానికి గంట పట్టేలా ఉంటే సెఫ్ట్రియాక్సోన్ మొదటి డోసు మీ దగ్గరే ఇచ్చేయండి. పిల్లలకు కిలోకు 80 నుంచి 100 ఎంజీ, మొత్తం 2 గ్రాములు మించకుండా. పెద్దలకు 2 గ్రాములు. నరానికి ఇవ్వడం మేలు, నరం దొరకకపోతే కండకు. వీలైతే ముందు బ్లడ్ కల్చర్‌కు, అంటే క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు, రక్తం తీయండి. సీసా లేకపోతే దాని కోసం ఆగొద్దు.

"యాంటీబయోటిక్ ఇస్తే కల్చర్‌లో క్రిమి పెరగదు కదా సార్" అని అడుగుతారు. నిజమే, పెరగకపోవచ్చు. కానీ వెన్ను నీటిలో, అంటే సీఎస్‌ఎఫ్‌లో, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షతో తర్వాతైనా కనిపెట్టవచ్చు. ప్రాణం పోతే మళ్లీ రాదు. రిఫరల్ స్లిప్ మీద ఏ మందు, ఎంత డోసు, ఎన్ని గంటలకు ఇచ్చారో పెద్ద అక్షరాలతో రాయండి. కల్చర్ నెగెటివ్ వచ్చినప్పుడు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో అక్కడి డాక్టర్‌కు ఆ ఒక్క లైనే చెబుతుంది.

పేషెంట్ దగ్గర ఉండే సిబ్బంది సర్జికల్ మాస్క్ వేసుకోవాలి. సరైన యాంటీబయోటిక్ మొదలుపెట్టిన 24 గంటల తర్వాత అతని నుంచి అంటుకోదు. ఆ తర్వాత ప్రత్యేక గది అవసరం లేదు.

3. శాంపిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకండి

మన ల్యాబ్‌లలో చేతికి అలవాటైన పని శాంపిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం. కానీ మెనింగోకోకస్ చలికి చచ్చిపోతుంది. కల్చర్‌కు పంపే సీఎస్‌ఎఫ్‌ను గది వేడిలోనే ఉంచి, గంటలోపు, ఎంత ఆలస్యమైనా రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. అంత దగ్గరలో ల్యాబ్ లేకపోతే క్రిమిని దారిలో బతికించి ఉంచే ట్రాన్స్-ఐసోలేట్ మీడియంలో వేసి పంపాలి. పీసీఆర్ కోసం తీసిన ట్యూబ్‌ది వేరే కథ, దాన్ని చల్లగానే పంపాలి. అందుకే రెండు ట్యూబులూ ముందే విడదీసి, ఒకదాని మీద "కల్చర్, ఫ్రిజ్ వద్దు" అని, రెండోదాని మీద "పీసీఆర్, చల్లగా" అని మార్కర్‌తో రాయండి.

గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో క్రిమిని చూసే పరీక్ష) రిపోర్టు మాత్రం అదే రోజు అడిగి తీసుకోండి. "గ్రామ్ నెగెటివ్ డిప్లోకోకై", అంటే మెనింగోకోకస్‌లా జంటలుగా కనపడే క్రిములు, అని వస్తే తర్వాతి మెట్లకు అది చాలు. సీఎస్‌ఎఫ్ మసకగా ఉండి, తెల్లకణాలు వేలల్లో ఉండి, గ్లూకోజ్ బాగా తగ్గి, ప్రొటీన్ పెరిగి ఉంటే బ్యాక్టీరియా మెనింజైటిస్ అనే అనుకోవాలి. కల్చర్ పెరిగితే రెండు విషయాలు తప్పకుండా అడగండి: సీరోగ్రూప్ ఏది, ఏయే మందులకు లొంగుతోంది. మొదటిది టీకా నిర్ణయానికి, రెండోది తోటివాళ్లకు ఇచ్చే మందుకు కావాలి.

4. అదే గంటలో జిల్లాకు చెప్పండి

ఖాయమయ్యాక చెబుదాం అనుకోవద్దు. అనుమానమే చాలు. ముందు సర్వైలెన్స్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి, ఆ తర్వాత జబ్బుల సమాచారం నమోదు చేసే ప్రభుత్వ ఐహెచ్‌ఐపీ పోర్టల్‌లో ఎక్కించండి. డాక్టర్లు పీ ఫారంలో, ల్యాబ్ వాళ్లు ఎల్ ఫారంలో, ఏఎన్‌ఎంలు ఎస్ ఫారంలో "జ్వరంతో స్పృహ తగ్గడం" కింద నమోదు చేయాలి. ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన పిల్లవాడైతే ఆ ఆసుపత్రి చెబుతుందిలే అని వదిలేయకండి. ఇద్దరు చెప్పినా నష్టం లేదు, ఎవరూ చెప్పకపోతేనే నష్టం.

5. దగ్గరివాళ్ల లిస్టు రాయండి

ఇక్కడ కాస్త నిదానించండి. దీనికి ఒక గంట పట్టినా పరవాలేదు. ఒక మనిషి దీని మీదే కూర్చోవాలి, ఫోన్లు ఎత్తే పని ఇంకొకరికి అప్పగించండి.

లెక్క ఇది: జబ్బు లక్షణాలు మొదలైన రోజుకు ముందు 7 రోజుల నుంచి, యాంటీబయోటిక్ పడ్డాక 24 గంటల వరకు, ఆ పిల్లవాడికి చాలా దగ్గరగా మెలిగినవాళ్లు ఎవరు?

లిస్టులో ఉండాల్సినవాళ్లు:
- అదే గదిలో పడుకునేవాళ్లందరూ
- వేరే గదిలో ఉన్నా రోజూ ఒకే బాటిల్ నీళ్లు తాగే, ఎంగిలి పంచుకునే స్నేహితులు
- ఆ 7 రోజుల్లో ఇంటికి వెళ్లి ఉంటే ఆ ఇంట్లోవాళ్లందరూ
- నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదినవాళ్లు, మాస్క్ లేకుండా ట్యూబ్ వేసిన లేదా గొంతు స్రావాలు పీల్చి తీసిన ఆసుపత్రి సిబ్బంది

లిస్టులో అక్కర్లేనివాళ్లు: ఒకే తరగతిలో కూర్చుంటారన్న కారణం తప్ప మరేమీ లేనివాళ్లు, పాఠం చెప్పిన టీచర్లు, వంటవాళ్లు, వాచ్‌మన్, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్లు, లిస్టులో ఉన్నవాళ్ల ఇంటివాళ్లు. చివరి మాట దగ్గరే గొడవ వస్తుంది. "మా వాడు అతని పక్క మంచమే, మరి మా చంటిదానికి కూడా మందు ఇవ్వరా?" అని తల్లి అడుగుతుంది. మీ వాడికి మందు పడితే చంటిదాని దాకా పోయే దారి మూసుకుపోతుందని ఓపిగ్గా చెప్పండి.

అరవై మంది ఒకే హాల్లో పడుకునే హాస్టల్ అయితే? పక్క మంచాల వరకే అని గీత గీయడం కాగితం మీద బాగుంటుంది. కానీ పిల్లలు ఒక మంచం మీద ముగ్గురు చేరి కబుర్లు చెప్పుకుంటారు, పరీక్షలప్పుడు ఎక్కడ పడితే అక్కడ నిద్రపోతారు. నా అభిప్రాయంలో ఆ హాలు మొత్తం ఒకే గదిగా లెక్కవేయాలి. రెండు మూడు వందల మంది ఉన్న హాలైతే మాత్రం మీరు ఒక్కరే తేల్చుకోకండి. జిల్లా ర్యాపిడ్ రెస్పాన్స్ టీమ్‌తో కలిసి నిర్ణయించండి.

లిస్టులో ఈ కాలమ్‌లు ఉంచండి: పేరు, వయసు, బరువు, గది, మంచం, ఎలా దగ్గర, ఏ మందుకైనా ఎలర్జీ ఉందా, గర్భవతా, వేసుకుంటున్న ఇతర మందులు, ఇచ్చిన మందు, ఇచ్చిన టైమ్, ఎవరి ఎదుట. పేషెంట్ల లైన్ లిస్టు (ఒక్కో పేషెంట్ వివరాలు ఒక్కో వరుసలో రాసేది) వేరే కాగితం మీద ఉండాలి. రెండూ కలిపేస్తే మూడో రోజుకి ఏదీ అర్థం కాదు.

చివరగా ఔటింగ్ రిజిస్టర్‌తో సరిచూడండి. రెండు రోజుల క్రితం పండక్కి ఊరెళ్లిన రూమ్‌మేట్ పేరు దాదాపు ప్రతిసారీ తప్పిపోతుంది.

6. అందరికీ ఒకేసారి మందు, మీ కళ్ల ముందు

లక్ష్యం 24 గంటల్లోపు. ఆలస్యమైనా ఇవ్వండి, కానీ చివరిసారి దగ్గరగా మెలిగి 14 రోజులు దాటాక ఇచ్చిన మందుతో పెద్ద ప్రయోజనం ఉండదు. విడతలుగా ఇస్తే ఇవాళ శుభ్రమైన గొంతులోకి రేపు మందు పడాల్సినవాడి నుంచి క్రిమి తిరిగి చేరుతుంది. సగం మందికి ఇవాళ, సగం మందికి స్టాక్ వచ్చాక అనే ఏర్పాటు వద్దు. పక్క పీహెచ్‌సీ నుంచి అప్పు తెచ్చుకుని అయినా ఒకే పూట ముగించండి.

మందుల ఎంపిక, డోసు డాక్టర్ చేతిలోని పని. సాధారణంగా వాడేవి ఇవి:

సెఫ్ట్రియాక్సోన్, కండకు ఒక ఇంజెక్షన్: 15 ఏళ్లు, ఆ పైవారికి 250 ఎంజీ, అంతకంటే చిన్నవారికి 125 ఎంజీ. గర్భవతులకు ఇదే. నొప్పి ఉంటుంది, అందుకని కండకు ఇచ్చేటప్పుడు లిగ్నోకైన్‌తో కలిపి ఇస్తారు. అలా కలిపింది పొరపాటున కూడా నరానికి ఎక్కించకూడదు. పెన్సిలిన్‌కు తీవ్రమైన ఎలర్జీ ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త.

సిప్రోఫ్లాక్సాసిన్, ఒకే ఒక మాత్ర: 12 ఏళ్లు, ఆ పైవారికి 500 ఎంజీ, 5 నుంచి 11 ఏళ్లవారికి 250 ఎంజీ. పాలతోనో గ్యాస్ టానిక్‌తోనో వేయకండి, మందు ఒంటికి పట్టదు. ఫిట్స్ ఉన్నవాళ్లకు వేరేది చూడండి.

రిఫాంపిసిన్, రెండు రోజులు, రోజుకు రెండుసార్లు: పెద్దలకు 600 ఎంజీ, నెల దాటిన పిల్లలకు కిలోకు 10 ఎంజీ, 600 మించకుండా. మూత్రం, కన్నీళ్లు నారింజ రంగులోకి వస్తాయని ముందే చెప్పండి, లేకపోతే రాత్రికి హాస్టల్ అంతా గగ్గోలు. కాంటాక్ట్ లెన్సులకు మరకలు పడతాయి, గర్భనిరోధక మాత్రల పనితనం తగ్గుతుంది. కామెర్లు ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు.

వీటిలో ఏది? హాస్టల్లో నాలుగు డోసుల మందు అంటే మూడో డోసుకే సగం మంది మానేస్తారు. పైగా రిఫాంపిసిన్ టీబీ కోసం కాపాడుకోవాల్సిన మందు. అందుకే దాన్ని చివర పెడతాను. సిప్రో చవక, తేలిక. కానీ 2005 ఢిల్లీ కేసుల్లో దొరికిన క్రిమి సిప్రోకు సరిగ్గా లొంగలేదు. అది మరిచిపోకూడదు. ఇంజెక్షన్లు వేసే సిబ్బంది, ఎమర్జెన్సీ ట్రే ఉంటే సెఫ్ట్రియాక్సోన్ ఎక్కువ నమ్మకం. లేకపోతే సిప్రో ఇచ్చేసి, క్రిమి ఏయే మందులకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు వచ్చాక సరిచూసుకోండి. రిపోర్టులో సిప్రోకు లొంగడం లేదని వస్తే అందరికీ మళ్లీ వేరే మందు ఇవ్వాలి.

మాత్ర చేతికిచ్చి పంపకండి. మీ ముందే నీళ్లు తాగించి, మింగాడని చూసి, టైమ్ రాసుకోండి. ఊరెళ్లిన పిల్లలకు అక్కడి ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి అదే రోజు వేయించండి.

ఇంకొకటి. ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడికి పెన్సిలిన్‌తో మాత్రమే వైద్యం జరిగితే జబ్బు తగ్గినా గొంతులో క్రిమి మిగిలిపోవచ్చు. డిశ్చార్జికి ముందు అతనికి కూడా పైమందుల్లో ఒకటి పడాలి. సెఫ్ట్రియాక్సోన్‌తో వైద్యం జరిగి ఉంటే అవసరం లేదు.

7. పిల్లల్ని ఇళ్లకు పంపేయకండి

మొదటి సాయంత్రానికి గేటు దగ్గర బండ్లు బారులు తీరతాయి. తల్లిదండ్రుల టెన్షన్ సహజం, దాన్ని తప్పుపట్టకూడదు. కానీ మందు పడకుండా యాభై మంది యాభై ఊళ్లకు వెళ్లిపోతే ఆ లిస్టు చేజారినట్టే. వాళ్లలో ఒకడికి మూడో రోజు జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరం మాత్రతో ఒక రాత్రి గడిచిపోతుంది. ఈ జబ్బులో ఆ ఒక్క రాత్రి చాలా ఎక్కువ.

అందుకని తల్లిదండ్రులకు మీరే ముందు మెసేజ్ పంపండి. జబ్బు పేరు దాచొద్దు, జబ్బుపడిన పిల్లవాడి పేరు మాత్రం రాయొద్దు. ఈ నమూనా వాడుకోవచ్చు: "మన హాస్టల్‌లో ఒక విద్యార్థికి మెనింజైటిస్ అనుమానం. ఆసుపత్రిలో చికిత్స జరుగుతోంది. దగ్గరగా ఉన్న విద్యార్థులందరికీ ఈ రోజు డాక్టర్ సమక్షంలో నివారణ మందు ఇస్తున్నాం. పది రోజులు రోజుకు రెండుసార్లు జ్వరం చూస్తాం. మీ పిల్లలు ఇక్కడ ఉంటేనే ఈ జాగ్రత్తలు సరిగ్గా జరుగుతాయి. ఇంట్లో ఉన్న విద్యార్థులకు జ్వరం, తలనొప్పి, వాంతులు, మచ్చలు వస్తే ఆగకుండా 108కి ఫోన్ చేసి, మాకు చెప్పండి."

ఎవరైనా వినకుండా తీసుకెళ్తానంటే గొడవ పడకండి. లిస్టులో పేరుంటే మందు వేశాకే పంపండి, ఊరు, ఫోన్ నంబర్ రాసుకోండి, ఆ ఊరి ఏఎన్‌ఎంకు చెప్పండి.

భయం తగ్గించడానికి ఒక లెక్క పనికొస్తుంది. ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు జబ్బు వచ్చే అవకాశం బయటివాళ్ల కంటే 500 నుంచి 800 రెట్లు ఎక్కువ. వినడానికి భయంకరంగా ఉంటుంది. కానీ అది వెయ్యి మందిలో సుమారు నలుగురు. మందు పడితే ఆ నాలుగూ బాగా తగ్గుతుంది. రెండు అంకెలూ కలిపే చెప్పండి.

8. పది రోజులు గమనించండి

మందు పడింది కదా అని నిద్రపోకూడదు. లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ పొద్దున, సాయంత్రం జ్వరం చూసి రాయండి. 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, తలనొప్పి అన్నా అప్పుడే డాక్టర్‌కు చూపించాలి. రాత్రి పూట ఒక సీనియర్ విద్యార్థికి, ఒక ఉద్యోగికి డ్యూటీ వేయండి. కేసు రాత్రి పది తర్వాత కూడా విషమించవచ్చు, అప్పుడే హాస్టల్‌లో పెద్దవాళ్లెవరూ ఉండరు. హాజరులో లేని ప్రతి పేరుకూ ఫోన్ చేయాలి.

మంచాల మధ్య కనీసం మూడడుగులు ఎడం ఉంచండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైనిక బ్యారక్‌లలో మంచాలు ఎడంగా వేయగానే గొంతులో ఈ క్రిమి ఉన్నవాళ్ల సంఖ్య తగ్గింది. స్థలం చాలకపోతే ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోబెట్టండి. కిటికీలు తెరవండి. ఎవరి గ్లాసు వాళ్లకే.

9. రెండో కేసు వస్తే

అది లిస్టులోని మనిషేనా, కాదా? ముందు ఇది చూడండి. లిస్టులో ఉండి మందు పడని మనిషైతే 6వ మెట్టులో లోపం. మందు పడినా వచ్చిందంటే మందుకు లొంగని క్రిమేమో చూడాలి. లిస్టులో లేని మనిషైతే మీకు తెలియని లంకె ఉంది, లేదా క్రిమి హాస్టల్ అంతా పాకుతోంది.

ఒకే సంస్థలో 3 నెలల్లోపు, ఒకరికొకరు దగ్గర సంబంధం లేని రెండు మూడు కేసులు ఒకే సీరోగ్రూప్‌వి వస్తే దాన్ని అవుట్‌బ్రేక్‌గా తీసుకుంటారు. అప్పుడు టీకా గురించి మాట్లాడాలి. ఎ, సి, డబ్ల్యూ, వై గ్రూపులకు పనిచేసే కాంజుగేట్ టీకాలు మన దేశంలో దొరుకుతాయి. అవి బి గ్రూపుకు పనిచేయవు, అందుకే సీరోగ్రూప్ రిపోర్టు కావాలి. టీకా రక్షణ మొదలవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కాబట్టి అది మందుకు బదులు కాదు, మందు తర్వాత వేసేది.

వారానికి లక్ష జనాభాకు 3 కేసులంటే అలర్ట్, 10 అంటే ఎపిడెమిక్ అనే లెక్క మీకు ఎక్కడైనా కనపడవచ్చు. అది సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉన్న ఆఫ్రికా మెనింజైటిస్ ప్రాంతంలోని జిల్లాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టింది. నాలుగు వందల మంది ఉన్న హాస్టల్‌కు వాడితే ఒక్క కేసుకే ఆకాశాన్నంటుతుంది, వాడకండి. (ఆ ఆఫ్రికా దేశాల్లో 2010 చివర్లో మొదలై సీరోగ్రూప్ ఎ జబ్బును దాదాపు లేకుండా చేసిన టీకా మన పుణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైంది. మనం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం.)

డబ్బు, సమయం దండగయ్యే పనులు

ఫాగింగ్, బ్లీచింగ్. ఇది దోమతో వచ్చేది కాదు, నేల మీద బతికేదీ కాదు. ఒంటి బయట ఈ క్రిమి ఎంతోసేపు ఉండదు. గదులు మామూలుగా ఊడ్చి తుడిస్తే చాలు. ఫాగింగ్ చేస్తే ఏదో జరిగిందన్న తృప్తి వస్తుంది, ఆ తృప్తే లిస్టు పనిని ఆపేస్తుంది. అందుకే దీన్ని అంత గట్టిగా వద్దంటున్నాను.

అందరి గొంతులోంచీ స్వాబ్‌లు తీయడం. మామూలుగానే వందలో పదిమంది దగ్గర క్రిమి దొరుకుతుంది. పాజిటివ్ వచ్చినవాడికి జబ్బు వస్తుందని కాదు, నెగెటివ్ వచ్చినవాడికి రాదని కాదు. రిపోర్టుల కోసం మూడు రోజులు పోతాయి.

నాలుగు వందల మందికీ మాత్రలు పంచడం. దగ్గరివాళ్లకు ఇవ్వాల్సిన స్టాక్ అయిపోతుంది, అనవసరంగా మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి, ఎవరు మింగారో ఎవరికీ తెలియదు. మొత్తం హాస్టల్‌కు ఇవ్వాల్సిన సందర్భాలు అవుట్‌బ్రేక్‌లో ఉండొచ్చు, అది జిల్లా టీమ్ తేల్చాలి.

పని సరిగ్గా జరిగిందో లేదో ఇలా చూసుకోండి

మొదటి రాత్రి పడుకునే ముందు: లిస్టులో ఎన్ని పేర్లు, ఎన్ని టైమ్‌లు రాసి ఉన్నాయి? రెండూ సమానంగా లేకపోతే పని మిగిలే ఉంది. అనుమానం వచ్చిన టైమ్‌కీ చివరి వ్యక్తికి మందు పడిన టైమ్‌కీ మధ్య ఎన్ని గంటలు? 24 లోపు ఉంటే బాగా చేశారు.

మూడో రోజు: సీరోగ్రూప్, సెన్సిటివిటీ గురించి ల్యాబ్‌కు ఫోన్ చేశారా? మీరు అడగకపోతే రిపోర్టు ఫైల్లోనే ఉండిపోతుంది. మెనింగోకోకస్ కాదని తేలితే జ్వరం చూడటం ఆపేసి, తల్లిదండ్రులకు అదే రోజు చెప్పేయండి.

పదో రోజు: జ్వరం రిజిస్టర్‌లో ఖాళీ గడులున్నాయా? అన్ని గడుల్లోనూ 98.6 అని ఒకే చేతిరాతతో ఉంటే ఎవరో ఒకేసారి కూర్చుని నింపారని అర్థం. నలుగురు పిల్లల్ని పిలిచి నిన్న జ్వరం చూశారా అని అడగండి.

ఇరవయ్యో రోజు: చివరి కేసు తర్వాత రెండు ఇంక్యుబేషన్ కాలాలు (క్రిమి చేరాక జబ్బు బయటపడటానికి పట్టే గరిష్ఠ సమయం, 10 రోజుల చొప్పున), అంటే 20 రోజులు, కొత్త కేసు లేకుండా గడిస్తే ముగిసినట్టు జిల్లాకు రిపోర్టు పంపవచ్చు. అయినా 3 నెలల దాకా జ్వరంతో తలనొప్పి అన్న ఏ పిల్లవాడినీ తేలిగ్గా తీసుకోవద్దని సిబ్బందికి చెప్పి ఉంచండి.

టీకా గురించి తరచూ అడిగే రెండు సంగతులు

హజ్‌కు, ఉమ్రాకు వెళ్లేవాళ్లు నాలుగు గ్రూపుల టీకాను సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. 2000 హజ్ సమయంలో డబ్ల్యూ గ్రూపు జబ్బు యాత్రికుల ద్వారా అనేక దేశాలకు పాకింది, ఈ నియమం ఊరికే పెట్టింది కాదు. హజ్ క్యాంపుల్లో టీకా వేస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. ఉమ్రాకు ట్రావెల్ ఏజెంట్ ద్వారా హడావుడిగా వెళ్లేవాళ్లే దీన్ని చివరి వారానికి వాయిదా వేస్తారు.

అమెరికా చదువులకు వెళ్లేవాళ్లు తమ యూనివర్సిటీ నియమం చూసుకోవాలి. ఉదాహరణకు టెక్సస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులకు ఇది తప్పనిసరి, అదీ సెమిస్టర్ మొదలయ్యే 10 రోజుల ముందే. మాస్టర్స్‌కు వెళ్లే మన పిల్లల్లో చాలామంది ఆ వయసు దాటి ఉంటారు. అయినా డార్మిటరీలో ఉండబోతే వేయించుకోవడమే మంచిది.

పిల్లవాడు తిరిగొచ్చినప్పుడు

డిశ్చార్జి అయిన పిల్లవాణ్ని దూరంగా కూర్చోబెట్టాల్సిన పని లేదు, అతని నుంచి ఎవరికీ అంటదు. అతని మంచం అతనికే ఇవ్వండి. ఒక్కటి మాత్రం వార్డెన్ పట్టుబట్టి చేయించాలి: వినికిడి పరీక్ష. డిశ్చార్జికి ముందే జరగాలి, జరగకపోతే నాలుగు వారాల్లోపు జిల్లా ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగానికి పంపండి. పిల్లలు తమకు వినపడటం లేదని చెప్పరు. క్లాసులో పరధ్యానంగా ఉంటున్నాడని టీచర్లు తిడతారు. తీవ్రమైన లోపం తేలితే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) గురించి వెంటనే అడగాలి. మెనింజైటిస్ తర్వాత లోపలి చెవిలో ఎముక పెరిగిపోవచ్చు, కొన్ని నెలలు ఆలస్యమైతే ఆ ఆపరేషన్ కష్టమవుతుంది.